ఏసీ గదిలో సందులు మూయడం ఎలా: తలుపు కింద నుంచి పైపు కన్నం దాకా

తలుపు కింద ఒక సెంటీమీటరు సందు ఉంటే ఏముందిలే అనిపిస్తుంది. మూడడుగుల తలుపు కింద ఆ సెంటీమీటరు అంటే 90 చదరపు సెంటీమీటర్ల కన్నం. గోడకు అరచెయ్యి పట్టేంత కంత పెట్టి, పక్కనే ఏసీ నడుపుకోవడం లాంటిది అది.

చలిదేశాల్లో ఇంటి సందులు మూసేది బయటి చలి లోపలికి రాకుండా. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి నేలబారున పారి తలుపు కింద నుంచి హాల్లోకి జారిపోతుంది. అది ఖాళీ చేసిన చోటికి వెంటిలేటరు నుంచో, తలుపు పై అంచు నుంచో, ఫాల్స్ సీలింగ్ సందుల నుంచో వేడిగాలి దిగుతుంది. అంటే కింది సందు, పై సందు జతగా పనిచేస్తాయి. ఒకటి మూస్తే రెండోదాని జోరు కూడా తగ్గుతుంది. కిటికీ పక్కన గోడకు నడుము ఎత్తులో ఉన్న సన్నటి పగులు చూసి చాలామంది కంగారు పడతారు గానీ, అసలు దొంగలు నేల దగ్గరా, నెత్తి మీదా ఉంటాయి.

ఎవరికి ఎంత మిగులుతుంది

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో పట్టే గాలి సుమారు 40 ఘనపు మీటర్లు. సందుల వల్ల గంటకోసారి ఆ గాలంతా మారిపోతుందనుకుందాం.

కోస్తాలో ఒక ఉక్కపోత రాత్రి. బయట 32 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం. గదిలో 25 డిగ్రీలు, తేమ 55 శాతం. గంటలో లోపలికొచ్చిన 40 ఘనపు మీటర్ల గాలితో పాటు అర లీటరుకు పైగా నీళ్లు ఆవిరి రూపంలో అదనంగా వస్తాయి. ఏసీ వాటిని చల్లబరిచి డ్రెయిన్ పైపులోంచి బయటికి పంపాలి. గాలిని చల్లబరచడానికి పట్టే శ్రమ కంటే ఈ నీటిని పిండడానికి పట్టే శ్రమ మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుందని లెక్క వేస్తే, ఎనిమిది గంటల రాత్రికి యూనిట్ పైచిలుకు ఈ ఒక్క గాలిమార్పిడికే పోతుంది. గంటకు రెండుసార్లు మారే గాలిని ఒకసారికి తగ్గించగలిగితే నెలకు ముప్ఫై యూనిట్లకు పైగా మిగులుతాయి.

ఇప్పుడు హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం. చూడ్డానికి ఇదే భయంకరంగా ఉంటుంది. కానీ ఆ పొడిగాలిలో ఉన్న నీరు, గదిలోపలి గాలిలో ఉన్న నీరు దాదాపు సమానం. ఏసీ పిండాల్సింది పెద్దగా ఉండదు. అదే ఎనిమిది గంటలకు నష్టం అర యూనిట్ దగ్గరే ఆగుతుంది. కాబట్టి కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వైపు ఉన్నవాళ్లకు ఈ పని కరెంటు బిల్లు కోసం. తెలంగాణ, రాయలసీమ వైపు ఉన్నవాళ్లకు బిల్లుతో పాటు దుమ్ము కోసం. వానాకాలం ఉక్కలో మాత్రం అందరూ ఒకటే.

తేమ లోపలికొస్తోందని తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఏసీ రెక్కల మీద చెమట బొట్లు, ఫాల్స్ సీలింగ్ మూలల్లో నల్లని బూజు, రిమోట్‌లో 22 పెట్టినా ఒంటికి జిడ్డుగా ఉండటం. ఇవి కనిపిస్తే గ్యాస్ అయిపోయిందని మెకానిక్‌ని పిలిచే ముందు సందులు చూసుకోండి.

మొదలుపెట్టే ముందు

కూలర్ వాడే గదిని మూయకండి. కూలర్ తడిగాలిని లోపలికి నెడుతుంది, అది మరో కిటికీలోంచి బయటికి పోవాలి. దారి లేకపోతే గది ఆవిరి గదవుతుంది. ఈ పని ఏసీ గదికి మాత్రమే.

గదికి ఆనుకుని ఉన్న బాత్రూములో గ్యాస్ గీజర్ ఉంటే ఆ బాత్రూము వెంటిలేటరు, తలుపు కింది సందు జోలికి వెళ్లకండి. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజర్ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు. గీజర్‌ను బయటి గోడకు, ఆరుబయటికి మార్చుకున్నాకే మిగతా సంగతి. అలాగే సందులు మూసిన గదిలో దోమల కాయిల్, సాంబ్రాణి, బొగ్గుల కుంపటి వద్దు.

సందులు పట్టుకోవడం

ఒక అగరబత్తి, ఒక టార్చి, ఒక పెన్సిల్, కొంచెం గోధుమపిండి చాలు.

గది కిటికీలు, తలుపు మూయండి. ఫ్యాను, ఏసీ ఆపండి. అటాచ్డ్ బాత్రూము తలుపు తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. బాత్రూము వెంటిలేటరు అద్దాలు వేరుగా ఉంటే వాటికి పాత వార్తాపత్రిక అంటించండి, లేకపోతే ఫ్యాను అక్కడి గాలినే తిప్పుతుంది. ఇప్పుడు ఫ్యాను గదిలోని గాలిని లాగేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి ప్రతి సందులోంచీ గాలి లోపలికి దూసుకొస్తుంది. ఇలా ఫ్యానుతో గాలి లాగేటప్పుడు ఇంట్లో గ్యాస్ గీజర్ గానీ పొయ్యి గానీ వెలిగి ఉండకూడదు.

అగరబత్తి వెలిగించి ద్వారబంధం అంచు వెంబడి రెండంగుళాల దూరంలో మెల్లగా జరపండి. పొగ నిటారుగా లేస్తే సందు లేదు. వంగితే ఉంది. గదిలోకి కొట్టుకొస్తే పెద్దదే. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తలుపు తర్వాత కిటికీ రెక్కలు కలిసే చోటు, కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య, ఏసీ వెనక, స్విచ్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ లైట్లు, కర్టెన్ రాడ్డు వెనకున్న గోడ పైభాగం, అటక తలుపులు ఇలా వరసగా చూడండి. కర్టెన్ దగ్గర అగరబత్తితో జాగ్రత్త, ముందే కర్టెన్ తీసేయండి.

ఎగ్జాస్ట్ లేని గదికి రాత్రి పరీక్ష ఉంది. గదిలో లైటు ఆర్పి, హాల్లో ఒకరిని టార్చితో ద్వారబంధం చుట్టూ వెలుగు వేయమనండి. వెలుగు కనిపించే చోటల్లా గాలి పోతుంది. మెలికలు తిరిగిన సందులు వెలుగుకు దొరకవు, అందుకే వీలుంటే పొగ పరీక్షే మేలు.

సందు మందం కొలవడానికి గట్టిగా కలిపిన గోధుమపిండిని సన్నని పాలిథిన్ కాగితంలో చుట్టి, చిటికెన వేలంత ముద్ద చేయండి. తలుపు ఆనే గాడిలో దాన్ని పెట్టి తలుపు వేసి గడియ పెట్టండి. తెరిచి ముద్ద మందం స్కేలుతో కొలవండి. పైన, మధ్యలో, కింద, మూడు చోట్లా కొలవాలి. చాలా తలుపులు సరిగ్గా చతురస్రంగా కూర్చోవు. పైన 2 మిల్లీమీటర్లు, కింద 5 ఉండటం మామూలే. ఈ కొలత లేకుండా రబ్బరు కొన్నవాళ్లలో చాలామంది తలుపు గడియ పడక దాన్ని పీకేస్తారు.

తలుపు కింద

మొదలు ఇక్కడే. పాత ఇళ్లలో ప్రతి తలుపుకూ గడప ఉండేది, దానికి తలుపు ఆనేది. ఇప్పుడు టైల్స్ వేసిన ఫ్లాట్లలో పడకగదులకు గడప తీసేశారు, ఆ చోట సందు మిగిలింది.

తలుపు మూసి ఎడమ, మధ్య, కుడి మూడుచోట్ల సందు కొలవండి. తర్వాత తలుపును పూర్తిగా తెరుస్తూ అది తిరిగే దారంతా చూడండి. నేల ఎక్కడైనా ఎత్తుగా ఉంటే మూసినప్పుడు సరిపోయిన రబ్బరు తెరిచేటప్పుడు నేలకు రాసుకుంటుంది.

మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది రెక్సిన్ తొడుగులో రెండు ఫోమ్ గొట్టాలు ఉండే డోర్ గార్డ్. తలుపు కిందకు తోస్తే చాలు, ఒక గొట్టం లోపల, ఒకటి బయట. తలుపు వెడల్పు కంటే పావు అంగుళం తక్కువగా కోయండి. అద్దె ఇంటికి ఇదే సరైంది. కానీ తడి తగిలితే వాసన వేస్తుంది, ఏడాది రెండేళ్లకు తొడుగు చిరుగుతుంది.

రెండోది స్క్రూలతో బిగించే అల్యూమినియం పట్టీ, దాని కింద రబ్బరు నాలుక గానీ బ్రష్ గానీ ఉంటుంది. సొంతింటికి ఇది పెట్టించండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బ్రష్, సమంగా ఉంటే రబ్బరు. గాలిని ఆపడంలో రబ్బరే మెరుగు.

మూడోది తలుపు మూసినప్పుడు తనంతట తాను కిందికి దిగే సీలు. తలుపు అడుగున గాడి కోయాలి, వడ్రంగి పని. కొత్త తలుపు చేయిస్తుంటే తప్ప దీని జోలికి పోనక్కర్లేదు.

అల్యూమినియం పట్టీ బిగించే తీరు ఇది:

1. పట్టీని గది లోపలివైపు, అంటే మడతబందులు కనిపించే వైపు పెట్టండి. అటువైపు తలుపు నిండు వెడల్పుకు పెట్టవచ్చు. బయటివైపు పెడితే ద్వారబంధం గాడికి కొట్టుకుంటుంది, రెండు పక్కలా కోయాల్సి వస్తుంది.

2. తలుపు వెడల్పు కంటే 3 మిల్లీమీటర్లు తగ్గించి హ్యాక్సా బ్లేడుతో కోయండి. ముందు రబ్బరును ఒక పక్కకు లాగి అల్యూమినియం కోసి, తర్వాత రబ్బరును కత్తెరతో విడిగా కోస్తే అంచు చిరగదు.

3. తలుపు మూసి, రబ్బరు నేలకు తగిలి ఒక మిల్లీమీటరు మాత్రమే వంగేలా పట్టీని పట్టుకుని, మాస్కింగ్ టేపుతో నిలపండి.

4. పట్టీకి ఉన్న కోల కన్నాల మధ్యలో పెన్సిల్ గుర్తులు పెట్టి, 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో కన్నాలు వేయండి. మామూలు తలుపు మందం 30 నుంచి 35 మిల్లీమీటర్లు కాబట్టి 16 లేదా 19 మిల్లీమీటర్ల స్క్రూలు చాలు.

5. స్క్రూలు సగమే బిగించి తలుపును పది సార్లు తెరిచి మూయండి. ఎక్కడైనా గట్టిగా రాస్తే కోల కన్నాల్లోనే పట్టీని పైకి జరపండి. అంతా బాగుందనిపించాకే పూర్తిగా బిగించండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: గాలి అస్సలు పోకూడదని రబ్బరును నేలకు నొక్కి బిగించడం. నెల తిరిగేసరికి టైల్స్ మీద నల్లటి విల్లు ఆకారపు గీత పడుతుంది, రబ్బరు నాలుక చిరుగుతుంది, తలుపు వేయాలంటే భుజంతో తోయాలి.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పాత జీన్స్ కాలును ఎనిమిది సెంటీమీటర్ల గొట్టంలా కుట్టి, జల్లించి ఆరబెట్టిన ఇసుక నింపి, తలుపు వారగా పెట్టండి. చల్లగాలి నేలబారునే పోతుంది కాబట్టి ఇది బ్రహ్మాండంగా ఆపుతుంది. ఊక నింపకండి, ఎలుకలు ఊరుకోవు. రాత్రి లేచి బయటికెళ్లే పెద్దవాళ్లున్న గదిలో ఇది కాళ్లకు అడ్డం పడుతుంది, వాళ్లకు స్క్రూల పట్టీయే మంచిది.

తలుపు చుట్టూ

ఏడడుగుల తలుపుకు రెండు నిలువులు, ఒక పై అంచు కలిపి 17 అడుగులు, అంటే ఐదు మీటర్ల పైన. ఆరు మీటర్ల చుట్ట కొనండి.

మామూలు స్పాంజి ఫోమ్ టేపు చవక, కానీ మన ఎండలకు ఒక వేసవిలోనే పొడిగా రాలిపోతుంది. ఈపీడీఎం రబ్బరు అడగండి. పిండిముద్ద మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే ఇంగ్లిష్ E అక్షరం ఆకారం, 3 నుంచి 5 ఉంటే P ఆకారం, అంతకు మించి 6 దాకా D ఆకారం సరిపోతాయి. బోలుగా ఉన్న రబ్బరు నలిగి మళ్లీ లేవాలి, అందుకే సందు కంటే కాస్త మందంగా ఉన్నదే కావాలి. కానీ రెట్టింపు మందం వద్దు.

ఎక్కడ అంటించాలన్నదే ఇందులో కిటుకు. తలుపు మూసినప్పుడు రబ్బరు నలగాలి గానీ రాసుకోకూడదు. గడియ వైపూ, పై అంచునా ద్వారబంధం గాడిలో తలుపు ముఖం వచ్చి ఆనే చెక్క మీద అంటించండి. మడతబందుల వైపు కూడా ఆ గాడి ముఖం మీదే. బందుల పక్కన తలుపు మందానికి ఎదురుగా అంటిస్తే రబ్బరు జారి చుట్టుకుపోతుంది, బందుల స్క్రూలు కూడా వదులవుతాయి.

అంటించే చోట ముందు పొడిగుడ్డతో దుమ్ము తీసి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. థిన్నర్ వాడితే ఎనామిల్ పెయింటు, పాలిష్ లేచి వస్తాయి. చెక్క వేడిగా లేని ఉదయం పూట అంటించండి. వెనక కాగితం ఒక్కసారే పీకకుండా అడుగు అడుగు చొప్పున తీస్తూ నొక్కండి. సాగదీయవద్దు. సాగదీసి అంటించిన రబ్బరు వారంలో తన కొలతకు తాను ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. మూలల్లో వంచకుండా కోసి రెండు ముక్కలు ఆనించండి. ఒక రోజు తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసి ఉంచండి.

ఇంకో విషయం కాలెండరు చూసుకోవాలి. టేకు గానీ ఫ్లష్ డోర్ గానీ మే నెలలో ఎండి కుంచించుకుంటుంది, ఆగస్టులో తేమ పీల్చి ఉబ్బుతుంది. మేలో బిగుతుగా సరిపోయిన రబ్బరుతో ఆగస్టులో తలుపు పడదు. అప్పుడు వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తే వచ్చే వేసవికి సందు రెట్టింపవుతుంది. వేసవిలో అంటిస్తే పిండిముద్ద కొలత కంటే ఒక మిల్లీమీటరు తక్కువ పట్టేది తీసుకోండి.

ద్వారబంధానికీ గోడ ప్లాస్టరుకూ మధ్య వెంట్రుకవాసి పగులు కనిపిస్తే దానికి అక్రిలిక్ సీలెంటు, పెయింట్ నిలుస్తుంది. అక్కడ సిలికాన్ వాడితే తర్వాత ఏ రంగూ అంటదు. వాల్ పుట్టీ పెడితే తలుపు ధడాలుమన్న ప్రతిసారీ పగులుతుంది.

కిటికీలు

యూపీవీసీ, అల్యూమినియం స్లైడింగ్ కిటికీల్లో ఏమీ కొనకుండా బాగయ్యే లోపం ఒకటుంది. రెండు అద్దం రెక్కలు, ఒక దోమతెర రెక్క ఉన్న కిటికీలో అద్దం రెక్కలు తమతమ వైపున ఉంటేనే మధ్యలో కొక్కెంలా ఒకదానికొకటి పట్టుకుంటాయి. దోమతెర జరిపే హడావిడిలో రెక్కలు అటుదిటు ఇటుదటు మారిపోతే, కిటికీ మూసినట్టే కనిపిస్తుంది గానీ మధ్యలో నిలువునా వేలు దూరేంత సందు ఉంటుంది. రెక్కలను వాటి చోటికి జరిపి తాళం తిప్పండి. తాళం దొంగల కోసమే కాదు, రెక్కను బిగించి లాగడానికి కూడా.

తాళం అందకపోతే రెక్క వాలిందన్నమాట. రెక్క కింది మూలలో చిన్న కన్నంలో ఉండే స్క్రూను తిప్పితే చక్రం ఎత్తు మారుతుంది. రెక్క ఫ్రేముకు సమాంతరంగా వచ్చేదాకా అర చుట్టు చొప్పున తిప్పి చూడండి.

రెక్క అంచుల్లో ఉండే ఉన్ని బ్రష్ పట్టీ ఐదారేళ్లకు బోడిగా అవుతుంది. పాత ముక్కను ఒక అంగుళం లాగి కోసి అల్యూమినియం సామాను దుకాణానికి పట్టుకెళ్లండి. అడుగు పట్టీ వెడల్పు, ఉన్ని ఎత్తు రెండూ కలవాలి. రెక్కను పైకెత్తి బయటికి తీసి, పాతది లాగేసి, కొత్తది అదే గాడిలో ఒక చివర నుంచి తోయాలి. గాడిలో కొంచెం సబ్బునీళ్లు రాస్తే సులువు. రెక్క తీసే పని పై అంతస్తుల్లో ఇద్దరు లేకుండా చేయకండి.

కింది ట్రాక్‌లో బయటివైపు చిన్న కోల కన్నాలు కనిపిస్తాయి. గాలి పోతోందని వాటిని సిలికాన్‌తో మూయకండి. అవి వాననీళ్లు బయటికి పోయే దారులు. మూస్తే మొదటి పెద్ద వానకే ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి దిగుతాయి.

పాత చెక్క కిటికీలు వేరే లోకం. రెక్కలు మెలి తిరిగి ఉంటాయి, ఒక చోట 1 మిల్లీమీటరు, ఇంకో చోట 8. ఏ రబ్బరూ అన్నిచోట్లా సరిపోదు. దీనికి సిలికాన్‌తో అచ్చు పోసుకోవాలి. రెక్క ఆనే వైపు అంచుకు సెల్లోటేపు అంటించి, దాని మీద చుక్క కొబ్బరినూనె పూయండి. ఫ్రేము గాడిలో చెక్కను శుభ్రంగా తుడిచి, పిండిముద్ద కొలత కంటే కొంచెం ఎక్కువ మందంలో సిలికాన్ వరస గీయండి. రెక్కను మెల్లగా మూసి, గడియ తగిలీ తగలకుండా పెట్టి, ఒక రోజంతా కదపకండి. మర్నాడు తెరిస్తే సిలికాన్ ఫ్రేముకు అంటుకుని, రెక్క మెలికకు సరిగ్గా అచ్చు దిగి ఉంటుంది. పక్కలకు పొంగినదాన్ని బ్లేడుతో కోసేయండి. నూనె ఫ్రేము మీద పడితే మాత్రం సిలికాన్ పట్టదు, పని మళ్లీ మొదటికొస్తుంది.

విండో ఏసీ ఉంటే చుట్టూ ఉన్న థర్మోకోల్ ముక్కలు తీసేసి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని అంచుకు ఫోమ్ పట్టీ పెట్టించండి. ఏసీ ముందు ప్యానెల్ మీద బయటిగాలి కోసం ఒక మీట ఉంటుంది. చాలా ఇళ్లలో అది తెరిచే ఉంటుంది, ఎవరూ చూడరు. రాత్రి దాన్ని మూసి పడుకోండి.

ఏసీ పైపు కన్నం

స్ప్లిట్ ఏసీ రాగి పైపుల కోసం గోడకు సుమారు రెండున్నర, మూడు అంగుళాల కన్నం వేస్తారు. బిగించినవాళ్లు ఇచ్చే బంకముద్ద కొన్నాళ్లకు ఎండి రాలుతుంది, లేదా అసలు పెట్టనే పెట్టరు. లోపల ఏసీ అడ్డుగా ఉంటుంది కాబట్టి బయటి నుంచి మూయాలి. పై అంతస్తులో బయటి వైపు నిచ్చెనకు అందకపోతే సర్వీసుకు వచ్చిన మనిషితోనే చేయించండి, కిటికీలోంచి వేలాడవద్దు.

కన్నంలో దుమ్ము దులిపి నీళ్లు చిలకరించండి. దీన్ని మూసేది డబ్బాలోంచి కొట్టే పీయూ (పాలీయురేథేన్) ఫోమ్‌తో, అది తడి తగిలితేనే పొంగి గట్టిపడుతుంది. డబ్బాను అర నిమిషం బాగా ఊపి, తలకిందులుగా పట్టుకుని, కన్నంలో మూడో వంతు మాత్రమే నింపండి. మిగతాది అదే పొంగి నింపుకుంటుంది. నిండా కొడితే ఏసీ వెనకనుంచి పొంగుకొచ్చి యూనిట్‌ను గోడ నుంచి తోస్తుంది. పైపులకు చుట్టిన నల్లటి తొడుగును నొక్కకండి, డ్రెయిన్ పైపు మడత పడకుండా చూడండి. తొడుగు నలిగిన చోట రాగి పైపుకు చెమట పట్టి గోడ తడుస్తుంది. చేతి తొడుగులు తప్పనిసరి, చర్మానికి అంటుకుంటే నాలుగు రోజులు వదలదు. ఆరాక పొంగిన భాగం కోసి, పైన సిమెంటు గానీ బయటి గోడ పెయింట్ గానీ పూయండి. ఎండ తగిలితే ఈ ఫోమ్ పసుపుబారి పొడిపొడి అవుతుంది. ఈ కన్నం మూస్తే బల్లులు, చీమల రాక కూడా ఆగుతుంది.

రాగి పైపులను ఎం-సీల్‌తో గానీ సిమెంటుతో గానీ గట్టిగా పూడ్చవద్దు. రేపు పైపు మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

పైనున్నవి

పాత ఇళ్ల వెంటిలేటర్లను ఇటుకలు పెట్టి మూయించేవాళ్లున్నారు. డిసెంబరులో ఏసీ లేనప్పుడు అదే వెంటిలేటరు కావాలనిపిస్తుంది. ఫ్రేము కొలతకు నాలుగైదు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు కోయించి, అంచుకు ఫోమ్ టేపు అంటించి, ఆరు స్క్రూలతో లోపలి నుంచి బిగించండి. వెలుగు వస్తుంది, చలికాలంలో విప్పుకోవచ్చు.

ఫాల్స్ సీలింగ్‌లో లైట్ల చుట్టూ గాలి వస్తోందంటే సమస్య లైటు దగ్గర కాదు, సీలింగ్ పైన గోడలో ఎక్కడో మూయని కన్నం ఉంది. పాత ఏసీ పైపు దారి, డిష్ కేబుల్ కన్నం, సీలింగ్ వెనక దాగిన వెంటిలేటరు, ఇవే ఎక్కువ. ఒక లైటు ఊడదీసి టార్చితో లోపల చూడండి. లైట్ల చుట్టూ సిలికాన్ పూయడం దండగ, పైగా వేడెక్కే లైటుకు మంచిది కాదు.

స్విచ్‌బోర్డులోంచి గాలి వస్తే మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో ప్లేటు విప్పించి, పైపు మూతిలో వైర్ల చుట్టూ బంకముద్ద పెట్టించండి. బోర్డులో పీయూ ఫోమ్ కొట్టకూడదు, అది మండుతుంది.

అటాచ్డ్ బాత్రూము ఎగ్జాస్ట్ గురించి ఇంతకుముందు పరీక్షకు వాడుకున్నాం గానీ, అసలు పెద్ద దొంగ అదే. ఆరంగుళాల ఫ్యాను గంటకు 200 ఘనపు మీటర్లకు పైగా లాగగలదు. మన గది గాలి 40. స్నానం తర్వాత పదిహేను నిమిషాలకు దాన్ని ఆపడం గుర్తుండకపోతే టైమర్ స్విచ్ పెట్టించండి. తలుపులకు వేసిన రబ్బర్లన్నీ కలిపి మిగిల్చేదాన్ని రాత్రంతా తిరిగే ఆ ఫ్యాను ఒక్కటే మింగేస్తుంది.

ఎక్కడ ఆపాలి

గదిని టిఫిన్ డబ్బాలా మూయడం లక్ష్యం కాదు. నిద్రపోయే పెద్ద మనిషి గంటకు పది నుంచి పదమూడు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ముగ్గురు పడుకునే 40 ఘనపు మీటర్ల గదిని పూర్తిగా మూస్తే, పది లక్షల పాళ్లలో దాని పాలు ప్రతి గంటకూ 850 దాకా పెరుగుతుంది. తెల్లారేసరికి తల బరువుగా ఉంటుంది. గంటకోసారి గాలి మారుతుంటే అది 1300 దగ్గర నిలుస్తుంది, పర్వాలేదు. కాబట్టి ఇద్దరు పడుకునే గదిలో తలుపు కింద, వెంటిలేటరు, పైపు కన్నం, కిటికీ అన్నీ మూయండి. నలుగురు పడుకుంటే తలుపు పక్కలకు రబ్బరు వేయకుండా వదిలేయండి. పడుకునే ముందు, లేచాక పది నిమిషాలు కిటికీ తెరవడం ఎలాగూ అలవాటు చేసుకోవాలి.

పై అంతస్తులో ఉన్నవాళ్లకు ఒక మాట. రాత్రి పదకొండు దాకా స్లాబు సెగ కొడుతుంటే అది సందుల సమస్య కాదు. ముందు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ఒక విధానమే తెచ్చింది. సందుల పని ఆ తర్వాత.

తేడా చూసుకోవడం

పని మొదలుపెట్టే ముందు మూడు రాత్రులు, అయ్యాక మూడు రాత్రులు ఒకే ఉష్ణోగ్రత, ఒకే గంటలు పెట్టి మీటరు రీడింగ్ రాసుకోండి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి. ఫ్రిజ్ వాటా రెండు సార్లూ ఉంటుంది కాబట్టి తేడాలో పోతుంది. గీజర్, మోటారు మాత్రం ఆ మధ్యలో వేయకండి. వాన పడిన రాత్రిని లెక్కలోంచి తీసేయండి.

ఇన్వర్టర్ కాని పాత ఏసీ అయితే ఇంకా సులువు: కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలయ్యే మధ్య సమయం గడియారంతో చూడండి. ముందు నాలుగు నిమిషాలు ఆగేది ఇప్పుడు ఏడెనిమిది ఆగుతోందంటే పని ఫలించింది. అప్పుడు 24లో ఉన్న రిమోట్‌ను 26కు పెంచి చూడండి. గదిలో తేమ తగ్గితే 26 కూడా హాయిగానే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే లెక్క.

ఏటా ఫిబ్రవరిలో, ఏసీ సర్వీసు చేయించే రోజునే, అగరబత్తి తీసుకుని ఒకసారి గదంతా తిరగండి. తలుపు కింది రబ్బరును తడిగుడ్డతో తుడవండి, ఇసుక రేణువులు ఇరుక్కుంటే టైల్స్ గీసుకుపోతాయి. కిటికీ ట్రాక్‌లోని మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీసి, నీళ్లు పోయే కన్నాల్లో అగ్గిపుల్ల ఆడించండి.